ఛీఛీ పిన్ని తుడవని అద్దం

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ అపార్టుమెంట్లో మాత్రం అది ఎవరికీ తెలీదు, అందరికీ ఆవిడ ఛీఛీ పిన్నే. మెట్ల మీద ఎవరో ఉమ్మితే ఛీ. లిఫ్టులో తడి గొడుగు వాసనొస్తే ఛీ. పక్కింటి కోడలు తల దువ్వుకుని ఉండచుట్టిన వెంట్రుకలు కిటికీలోంచి వదిలితే ఛీఛీ. "మనుషులా పశువులా? పశువులు నయం, నాకైనా నాక్కుంటాయి" అనుకుంటూ దిగేది. తిట్టే నోరు, తిరిగే కాలు ఊరుకోవంటారు. పిన్నికి రెండూ ఉన్నాయి. చిన్నప్పుడు నిద్రలో కూడా ఛీ అనేదని వాళ్ళన్నయ్య ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంటాడు.

మొగుడి సంగతి అడక్కండి. పళ్ళు తోముకోకుండా కాఫీ తాగే మనిషట. తాగినవాడు తాగినట్టు ఊరుకోకుండా ఆ మూతి టవలుతో తుడిచి, ఆ టవలు ఈవిడ దిండు మీద పడేసేవాడట. ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? పెట్టె సర్దుకుని పుట్టింటికొచ్చేసింది. కారణం అదొక్కటేనా అంటే కాదనుకోండి, కానీ ఆవిడ నోటివెంట వచ్చేది అదొక్కటే.

చేసే పని అద్దాలు తుడవడం. ఇంట్లో గోడకి తగిలించుకునే అద్దాలు కాదండోయ్. ఆకాశానికి నిచ్చెన వేసినట్టుండే ఆఫీసు భవనాల అద్దాలు. పైన తాళ్ళ మావయ్య చక్రం తిప్పుతూ తాళ్ళు వదులుతుంటే, కింద ఇనప తొట్టిలో నిలబడి ఒక్కో అంతస్తే దిగుతూ, సబ్బు నీళ్ళు పూసి, రబ్బరు వైపరుతో లాగి, మొండి మరకలకి సుద్దపొడి ముద్ద పెట్టి రుద్ది, మళ్ళీ లాగి, మెత్తటి గుడ్డతో అంచులు ఒత్తేది. రోత పుట్టని మనిషి ఈ పనికి పనికిరాదని ఆవిడ సిద్ధాంతం. "మరక చూస్తే కడుపులో దేవాలి. అప్పుడే చెయ్యి ఆడుతుంది" అనేది. ఆవిడ తుడిచిన అద్దం ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాల్సిందే. ఒక ఆఫీసులో ఓ పెద్దమనిషి, తలుపు తీసే ఉందనుకుని నేరుగా వెళ్ళి ముక్కు పగలగొట్టుకున్నాడు. ఆ కథ చెప్పేటప్పుడు పిన్ని మొహం వెలిగిపోయేది.

ఆవిడకి పని నేర్పిన మేస్త్రీ మొదటి రోజు తొట్టి ఎక్కించి ఒకే ఒక్క మాట చెప్పాడు. "అమ్మాయ్, చూపు అద్దం మీదే ఆపు. అద్దం వెనక్కి పోనిచ్చావో, ఎవరి పడగ్గదో కంటపడుతుంది, పరువు పోతుంది. అద్దంలో కనపడే ఆకాశంలోకి పోనిచ్చావో, తల తిరుగుతుంది, ప్రాణమే పోతుంది. మరక ఉందా, లేదా. అంతే చూడు." మేస్త్రీ పోయాడు, మాట మిగిలింది. తాళ్ళ మావయ్యా అదే మాట, తొట్టి ఎక్కే ప్రతి మనిషిదీ అదే మాట. ఇన్నేళ్ళలో పిన్ని అద్దం లోపలికి గానీ, అద్దంలోని ఆకాశంలోకి గానీ ఒక్కసారి చూసిన పాపాన పోలేదు.

ఇంతమందిని ఛీ అన్న మనిషి చేత ఒక్కసారి కూడా ఛీ అనిపించుకోనివాడు ఒక్కడే ఉన్నాడు. వాళ్ళ నాన్న.

ఆయన ఓడరేవులో క్రేన్ నడిపేవాడు. నూనె మరకల మధ్య పని చేసి కూడా ఇస్త్రీ చొక్కా నలక్కుండా ఇంటికొచ్చేవాడు. గోళ్ళ సందుల్లో మట్టి ఉండేది కాదు. అన్నం తింటే కంచం కడిగినట్టుండేది. పెట్టెలు ఎత్తడం దించడం అంటే ఆయనకి జీతం పని. అసలు పని వేరే ఉంది. వానలు వెనకబట్టి చలి ఇంకా ముదరని ఆ కొన్ని వారాలు, ఉత్తరాన్నుంచి పిట్టలన్నీ దక్షిణానికి వలసపోయే రోజుల్లో, అంత ఎత్తున క్రేన్ గదిలో కూర్చుని వాటిని చూడటమే ఆయన పని. ఇంటికొచ్చి, చుట్టాలు దిగినట్టు, ఎవరెవరొచ్చారో చెప్పేవాడు.

"చిన్నవాళ్ళు ముందొస్తారమ్మా. పాటలు పాడే పిట్టలు. రాత్రంతా ఎగిరి, తెల్లారేసరికి కళ్ళు తేలేసి, ఏ చెట్టు కనపడితే ఆ చెట్టు మీద పడతాయి. ఎండెక్కాక పెద్దవాళ్ళొస్తారు. డేగలు. రెక్క కూడా ఆడించవు చూడు, వేడిగాలి మీద ఎక్కి కూర్చుని పోతాయి. అచ్చం మగపెళ్ళివారే. వీళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని ముందొస్తారు, వాళ్ళు తాపీగా వెనకొస్తారు. తినేది మాత్రం ఎప్పుడూ వాళ్ళే!"

సెలవు రోజున కూతుర్ని రేవు గోడ మీదకి తీసుకెళ్ళి కూర్చోబెట్టేవాడు. డేగలు గిరగిరా తిరుగుతూ పైకి పైకి పోతుంటే ఆయన మెడ వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని చూసేవాడు. పిన్ని మాత్రం ఒడిలో టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కి పట్టుకుని కూర్చునేది. ఒకసారి తెరిచిన డబ్బాలో పైనుంచి ఏదో పడింది. ఏదో ఏమిటి, రెట్టే. ఆ రోజుతో ఆవిడకి పిట్టలంటే వెగటు. పిట్టలంటే వెగటు గానీ, పిట్టల్ని చూసే నాన్నంటే మాత్రం ప్రాణం.

అలాంటి నాన్నకి కిందటేడు పక్షవాతం కొట్టింది. కుడి పక్క పడిపోయింది. ఎడమ చెయ్యి ఆడుతుంది. నోట్లో ఒక్క మాట మిగిలింది. "అదిగో." ఆకలేసినా అదిగో, దాహమేసినా అదిగో, నొప్పెట్టినా అదిగో. పిన్ని ఆ ఒక్క మాటలోంచే జావా, మంచినీళ్ళూ, దుప్పటీ ఏరుకునేది. అన్నయ్య ఊళ్ళోనే ఉన్నాడు గానీ, ఆయన చూడటానికి వచ్చే రకం, చూసుకునే రకం కాదు. పళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి, నాన్న కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని, ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

ముందుగది గోడకి బదులు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అద్దమే. ఎదురుగా తోట, దాని వెనక రేవు. పిన్ని పుట్టింటికి తిరిగొచ్చేనాటికే ఆ అద్దానికి బయటివైపు ఎవరో ఎండ పడకుండా గోధుమరంగు కాగితం అంటించారు. అది సగం ఊడి, బొబ్బలెక్కి, చర్మవ్యాధి వచ్చినట్టుండేది. "ఛీ, దీన్ని చూస్తుంటే నాకే దురదేస్తోంది" అని ఎప్పుడూ అనుకునేదే. నాన్న మంచాన పడ్డాక, ఈ వలస రోజులు రాబోతున్నాయనగా, తాళ్ళ మావయ్యని బతిమాలి తొట్టి వేయించి, ఆ కాగితం గీకి గీకి పీకేసింది. లోపలా బయటా సుద్దపెట్టి రుద్దింది. మంచం తెచ్చి అద్దం పక్కనే వేసింది. "చూసుకో నాన్నా, నీ వియ్యాలవారందరూ వస్తారు" అంది. ఆయన ఎడమ చేత్తో అద్దం ముట్టుకుని చూసి, ఉందని తెలిసి నవ్వాడు. "అదిగో" అన్నాడు. అంత అందంగా ఆ మాట అనడం అదే మొదలు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు.

వలస మొదలైన మొదటి వారంలోనే, తెల్లవారుజామున ఆవిడ వంటింట్లో ఉండగా ముందుగదిలో ధబ్‌మని చప్పుడు. పరుగెత్తుకొస్తే నాన్న బిక్కచచ్చిపోయి ఉన్నాడు. అద్దం మీద మసిగా ఒక ముద్ర. రెండు రెక్కలూ, మధ్యలో చిన్న తలా, ఈకల మీది పొడి అంటుకుని అచ్చు గుద్దినట్టు. కిటికీ కింద సిమెంటు సజ్జ మీద పసుపు గొంతు పిట్ట ఒకటి, ముక్కులోంచి నెత్తురు చుక్క కారుతూ వెల్లకిలా పడి ఉంది. "ఛీ ఛీ ఛీ" అంటూ అద్దం చివరనున్న కిటికీ రెక్క తెరిచి, చీపురుకి కర్ర కట్టి, తోసేసింది. అద్దం తుడిచేసింది. మర్నాడు ఇంకొకటి. ఆ తర్వాత రోజూ.

ఇక డేగ దిగింది. ఎక్కడినుంచి చూసిందో ఏమో, నేరుగా వచ్చి ఆ సజ్జ మీదే వాలింది. చచ్చిన పిట్టని కాలి కింద తొక్కిపెట్టి, ముందు ఈకలు పీకింది, తర్వాత పొట్ట చీల్చింది. పేగులు తాడులా సాగదీసి మింగింది. తలా రెక్కలూ వదిలేసింది. గాలికి లేచిన మెత్తటి ఈకలు తడి నెత్తురుతో అద్దానికి అంటుకున్నాయి. మధ్యాహ్నానికి ఈగలు, సాయంత్రానికి కంపు. పిన్ని ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. మేడ మీదకి డేగల్ని చూడటానికి దుర్భిణులు వేసుకుని వచ్చే జనం ఒకళ్ళిద్దరు తలుపు కొట్టి, "మీ కిటికీకి అంత దగ్గరగా వస్తోందటగా, ఎంత అదృష్టమండీ!" అన్నారు. "మీ అదృష్టం కాకులెత్తుకుపోనూ, రండి, వచ్చి ఆ పేగులెత్తండి" అని మొహమ్మీదే తలుపేసింది.

డేగ తరుముకొస్తుంటే పిట్టలు భయపడి అద్దానికి గుద్దుకుంటున్నాయని వాచ్‌మన్ అన్నాడు. తాళ్ళ మావయ్యా అదే అన్నాడు. పిన్నికీ అదే నిజమనిపించింది. ఇక చూస్కోండి, డేగ మీద యుద్ధం. కంచాలు మోగించింది. నీళ్ళు కొట్టింది. ఒక రోజు ఒళ్ళు మండి చెప్పు విసిరింది. చెప్పు పోయి కింద ఎవరి కారు మీదో పడింది. డేగ మాత్రం తల అటు తిప్పి ఇటు తిప్పి, ఈవిడ ఎవరబ్బా అన్నట్టు చూసి, తిండి కానిచ్చింది.

ఈ గోలంతా ఒకెత్తు, నాన్న చేసింది ఒకెత్తు.

ఒకరోజు పొద్దున జావ గిన్నె ఇచ్చి స్నానానికి వెళ్ళి వచ్చేసరికి, అద్దమంతా జావ. ఆయన ఎడమ చేత్తో గిన్నెలోంచి తీసి, చెయ్యి అందినంత మేరా పూస్తున్నాడు. చొక్కా మీద జావ, గడ్డానికి జావ, దుప్పటి మీద జావ. గోళ్ళలో మట్టి ఉంటే అన్నం ముట్టని మనిషి! పిన్నికి గొంతులోకి ఛీ వచ్చేసింది. మింగేసింది. "నాన్నా, ఏంటిది? చిన్నపిల్లాడివా?" అంది.

"అదిగో" అన్నాడు ఆయన, అద్దం చూపించి.

"అదిగో కాదు, ఇదిగో. చూడు నీ నిర్వాకం."

"అదిగో! అదిగో!"

ఆవిడ అద్దం తుడుస్తుంటే ఆయన ఎడమ చెయ్యి ఆవిడ మణికట్టు పట్టుకుని లాగింది. ఉన్న బలమంతా పెట్టి లాగాడు. పిన్ని విడిపించుకుని తుడిచేసింది. మర్నాడూ అంతే. జావ ఎండి పెచ్చుకట్టింది. పులిసిన వాసన. చీమలు బారులు తీరాయి. బతికుండగానే మనిషి ఇలా కుళ్ళిపోతాడా అని ఆవిడకి వెక్కసమైపోయింది. చేత్తో తినే స్వేచ్ఛ తీసేసి, తనే చెంచాతో పెట్టి గిన్నె పట్టుకుపోవడం మొదలెట్టింది. అప్పుడు ఆయన నోట్లో ముద్ద మింగకుండా దాచుకుని, ఆవిడ అటు వెళ్ళగానే చేతిలోకి ఉమ్మి, పూశాడు. ఆవిడ నోరు కడిగించి మరీ వెళ్ళడం మొదలెట్టింది. తల ప్రాణం తోకకొచ్చిందనుకోండి.

ఆ తర్వాత ఒకరోజు పనినుంచి వచ్చి తలుపు తీసేసరికే కంపు కొట్టింది. జావ లేకపోతే, ఉమ్మి లేకపోతే, మంచాన పడ్డ మనిషి దగ్గర ఇంకేముంటుంది? ఆ ఉన్నదే పూశాడు. అద్దం మీద, అడ్డంగా, నిలువుగా, ఓపిక ఉన్నంతమేరా.

"ఛీ!" అంది పిన్ని.

పుట్టి బుద్ధెరిగాక నాన్నని అనడం అదే మొదటిసారి. ఆయనకి మాట లేదు గానీ వినికిడి ఉంది. ఆవిడ మొహంలోకి చూశాడు. మెల్లగా ఆ చెయ్యి దుప్పటి కిందకి దాచుకున్నాడు. పిన్ని ముక్కుకి కొంగు కట్టుకుని, వాంతి ఆపుకుంటూ, ఆయన్నీ అద్దాన్నీ కడిగింది. కడిగినంతసేపూ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చేతులు సబ్బుతో రుద్దీ రుద్దీ కడుక్కుని, అన్నయ్యకి ఫోన్ చేసింది. "ఆదివారం రా. నాన్న మంచం వెనక గదిలోకి మార్చాలి. నా ఒక్కదానివల్ల కాదు."

"వెనక గదిలోకా? దానికి కిటికీ తీస్తే బాత్రూం గొట్టాలు తప్ప ఏం కనపడవుగా?"

"అందుకే."

"ఆ డేగలూ పిట్టలూ లేకపోతే నాన్న ఎన్నాళ్ళో బతకడే."

"సరే, ఇక్కడే ఉంచుదాం. నువ్వొచ్చి రోజూ అద్దం కడుగు."

"ఆదివారం వస్తాలే" అన్నాడు.

వెనక గదంటే నాన్నకీ తెలుసు. ఆ రాత్రి ఆయన ముద్ద ముట్టలేదు. ఆదివారం దాకా ఎలా నెట్టుకురావాలి? పనిలోకి పోక తప్పదు. పాత మెత్తటి తువ్వాలు చీల్చి, ఆడే ఆ ఒక్క చేతినీ మంచం కోడుకి కట్టింది. తొట్టి తాళ్ళకి వేసే ముడి వేసింది. ఎంత లాగితే అంత బిగుసుకుంటుంది గానీ జారదు. "నన్నేం చెయ్యమంటావు నాన్నా, చెప్పు" అంది. ఆయన ఏం చెప్తాడు? "అదిగో" అన్నాడు, చాలా చిన్నగా, బయటికి చూస్తూ.

ఆదివారం నాడే అపార్టుమెంటు అద్దాలు తుడిచే రోజు కూడా పడింది. వానలయ్యాక ఏటా పిన్నే తుడుస్తుంది. అన్నయ్య వచ్చేలోపు సగం గోడైనా అయిపోతుందని తెల్లారకముందే నాన్నకి నోరు కడిగించి, చెయ్యి కట్టి, మేడెక్కింది. తాళ్ళ మావయ్య తొట్టి వదిలాడు. ఒక్కో అంతస్తూ దిగింది. సబ్బు, వైపరు, సుద్ద, గుడ్డ. చూపు మరకల మీదే. డేగ నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని ఉంది. "కూర్చో, కూర్చో, మహారాణీ. పేగుల పళ్ళెం ఇంకా వడ్డించలేదు" అని దాన్ని తిట్టుకుంటూనే ఉంది.

అలా దిగుతూ తన ఇంటి అద్దం ముందుకొచ్చింది. బయటివైపు మళ్ళీ ఒక పిట్ట ముద్ర పడి ఉంది. సబ్బు పూసి లాగేసింది. అద్దం తళతళలాడింది. గుడ్డతో అంచు ఒత్తుతోంది.

చెవి పక్కనుంచి ఏదో రయ్‌మని పోయింది. కన్ను మూసి తెరిచేలోపు, జానెడు దూరంలో, ధబ్.

బూడిదరంగు రెక్కల పిట్ట అద్దానికి కొట్టుకుని, తొట్టిలోకి, ఆవిడ కాళ్ళ దగ్గర పడింది. కాళ్ళు రెండుసార్లు కొట్టుకుంది. అంతే.

"ఓసి నీ జిమ్మడ!" అని డేగని తిట్టడానికి గిరుక్కున వెనక్కి తిరిగింది పిన్ని. డేగ నీళ్ళ ట్యాంకు మీదే ఉంది. కదల్లేదు. తీరిగ్గా ముక్కుతో ఈకలు దువ్వుకుంటోంది. తరిమింది లేదు, వెంటపడింది లేదు. ఆకాశంలో ఇంకెవరూ లేరు.

మరి ఇది ఎవరికి భయపడి వచ్చింది? భయపడి వచ్చినట్టు కూడా లేదే. ఇల్లు చేరినట్టు వచ్చింది.

పిన్ని మళ్ళీ అద్దం వైపు తిరిగింది. మేస్త్రీ మాట మర్చిపోయిందో, ఒళ్ళు మండి లెక్కచెయ్యలేదో, చూపుని అద్దం మీద ఆపకుండా వదిలేసింది. అద్దంలో తోట ఉంది. ప్రతి చెట్టూ ఉంది, ప్రతి కొమ్మా ఉంది. చెట్ల వెనక తెల్లారుతున్న ఆకాశం ఉంది. అసలు తోట కన్నా ఈ తోటే పచ్చగా, దగ్గరగా ఉంది. రాత్రంతా ఎగిరొచ్చిన పిట్ట ఏ తోటలోకి పోతుంది? ఒక్క మరక లేకుండా, ఒక్క గీత లేకుండా, ఇంత నునుపుగా తోట కట్టి పెట్టిందెవరు?

తల తిరిగింది. తొట్టి అంచు పట్టుకుంది. తాను తుడిచిన భవనాలన్నీ గుర్తొచ్చాయి. ఈ వలస రోజుల్లో ప్రతి ఏడూ పొద్దున్నే వాటి కింద చిమ్మి చెత్తబుట్టలో పోసిన పిట్టలు గుర్తొచ్చాయి. పిల్లుల్ని తిట్టింది. డేగల్ని తిట్టింది. దొంగెవరో తెలీక కుక్కని కొట్టినట్టు లోకాన్నంతా తిట్టింది. తన చేతుల్ని తను చూసుకుంది. నాన్న మలం ఎత్తినప్పుడు కూడా పుట్టనంత కంపరం పుట్టింది ఆ చేతులంటే.

అప్పుడు అద్దానికి మొహం ఆనించి, రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి.

నాన్న మంచం మీద సగం లేచి ఉన్నాడు. ఆ సగం ఎలా లేచాడో దేవుడికే తెలియాలి. ఆయన ఆవిడని చూడటం లేదు. ఆవిడ భుజం మీదుగా ఆకాశంలోకి చూస్తున్నాడు. నోరు తెరుచుకుని అరుస్తున్నాడు. అద్దంలోంచి వినపడదు గానీ, ఆ నోట్లో ఉన్నది ఒక్క మాటేగా. అరుస్తూ ఎడమ చేతిని లాగుతున్నాడు. తువ్వాలు మణికట్టులోకి దిగిపోయి ఉంది. మంచం కోడు కదులుతోంది. వచ్చే పిట్టకి అడ్డం పెట్టడానికి ఆయనకి మిగిలింది ఆ ఒక్క చెయ్యి. దాన్ని ఆవిడ కట్టేసి వచ్చింది.

లోపలివైపు అద్దం కింది మూల, ఆవిడ తుడవడం మర్చిపోయిన జావ మరక ఒకటి ఉంది. చేతులు అడ్డం పెట్టుకుంటే కనపడింది. చేతులు తీసేసి వెనక్కి జరిగితే దాని మీద చెట్టుకొమ్మ కమ్మేసింది. పిన్ని మళ్ళీ అడ్డం పెట్టుకుంది, మళ్ళీ తీసింది. అదీ సంగతి. ఆయన ఎన్ని రోజులు ఎంత పూసినా బయటి పిట్టకి ఒక్క చుక్క కనపడలేదు. పూస్తున్నాడు, పిట్ట చస్తోంది. ఇంకా పూస్తున్నాడు, ఇంకోటి చస్తోంది. ఆయన చెయ్యి అద్దానికి అటు పక్క ఉంది. ఇటు పక్క చెయ్యి ఉన్నది ఒక్కదానికే. ఆవిడేమో తుడుస్తోంది.

పిన్ని బకెట్లో సుద్దముద్దలోకి మోచేతిదాకా చెయ్యి ముంచింది. తళతళలాడే ఆ అద్దం మీద అరచెయ్యి వేసి గుద్దింది. పక్కనే ఇంకోటి. దాని కింద ఇంకోటి. చెట్ల మీద, కొమ్మల మీద, ఆకాశం మీద, రెండు చేతులా గుద్దింది. పిట్ట దూరడానికి సందు లేకుండా గుద్దింది. సుద్ద జారి మోచేతుల వెంట కారింది, మొహాన చిందింది, జుట్టులో పడింది.

"అమ్మాయ్!" పైనుంచి తాళ్ళ మావయ్య కేకేశాడు. "ఏమిటే ఆ పని? పిచ్చి పట్టిందా?"

"పట్టింది మావయ్యా, ఇప్పటికి. పక్కకి లాగు."

"తుడిచిన అద్దాన్ని..."

"లాగమన్నానా!"

ఆయన గొణుక్కుంటూ లాగాడు. మిగిలిన సగం కూడా పూసింది. కింద ఒకళ్ళిద్దరు పోగయ్యారు. అద్దాల మనిషి సొంత అద్దం చూడండర్రా అని ఎవరో నవ్వారు. నవ్వితే నవ్వారు, వాళ్ళ మొహాలు.

పైకి లాగించుకుని, మెట్లన్నీ దిగి, ఇంట్లోకి వచ్చేసరికి అన్నయ్య వచ్చేసి ఉన్నాడు. వెనక గది తలుపు తీసి, మంచం ఎలా పడుతుందా అని చూస్తున్నాడు. చెల్లెల్ని చూసి అదిరిపడ్డాడు. "ఏంటే ఆ వేషం? ఆ అద్దమేంటి, ఎవరు పాడుచేశారు? నాన్న బయటికి కూడా..."

"నేనే. నువ్వు మంచం ముట్టుకోకు."

"నువ్వే కదే రమ్మన్నావు?"

"రమ్మన్నాను. వచ్చావుగా. కూర్చో."

నాన్న వెనక్కి వాలిపోయి ఆయాసపడుతున్నాడు. అద్దం నిండా పడ్డ తెల్లటి చేతుల్ని చూస్తున్నాడు. చేతికీ చేతికీ మధ్య ఎండ గదిలో పడుతోంది. ఆ సందుల్లోంచి, చాలా ఎత్తున, ఆ రోజుకి మొదటి డేగలు గాలి ఎక్కడం మొదలుపెట్టాయి.

పిన్ని మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. ముడి పట్టుకుంది. ఆవిడ వేసిన ముడే, కళ్ళు మూసుకుని కూడా విప్పగల ముడి. ఆయన లాగీ లాగీ అది రాయిలా బిగుసుకుపోయింది. గోళ్ళు దిగలేదు. సుద్ద తడికి వేళ్ళు జారిపోయాయి. ఆ తువ్వాలుకి ఇన్ని రోజుల జావ, చొంగ, ఇంకా ఏవేవో అంటి, ఎండి అట్టకట్టి ఉన్నాయి. పిన్ని తల వంచి, ముడిని నోట్లో పెట్టుకుని, పళ్ళతో లాగింది.

"ఛీ!" అన్నాడు అన్నయ్య.

ఆ రోజు ఆ ఇంట్లో ఆ మాట అన్నది ఆయనొక్కడే.